ఈ నంబరుకు ఫోన్ చేయొద్దు

సిలిండర్‌ను రెండంతస్తులు మోసుకొచ్చినతను దాన్ని గుమ్మంలో దించి, మెడ తుడుచుకుంటూ "కోడ్ చెప్పమ్మా" అన్నాడు. సంతోషి చేతులు చపాతీ పిండిలో ఉన్నాయి. కోడ్ ఆమె దగ్గర లేదు. వంట చేసేది ఆమె, మంట రంగు చూసి గ్యాస్ ఇంకెన్ని రోజులొస్తుందో చెప్పగలిగేది ఆమె, కోడ్ మాత్రం పెద్ద అంబర్‌పేట్‌లో లారీల మధ్య తిరుగుతున్న భర్త దశరథ జేబులో ఉంటుంది. చిటికెన వేలితో నొక్కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తాడు.

"ఏంది, లోడింగ్ టైముల?"

"గ్యాస్ కోడొచ్చిందా? ఆయన నిలబడ్డడు."

"జర ఆగమను. చూసి చెప్త."

సిలిండర్ మనిషి గోడకు ఆనుకున్నాడు. సంతోషి పిండి చేతులు పట్టుకుని తన గుమ్మంలో తనే చుట్టపుచూపుగా వచ్చినదానిలా నిలబడింది. పది నిమిషాలకు కోడ్ వచ్చింది. ఆ పది నిమిషాలకు ఆమె మెట్రో ఒకటి తప్పిపోయింది. ఆ సంగతి ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు, పది నిమిషాలకు ఇంత గోలేంటని.

ఇదంతా ఎలా మొదలైందో ఆమెకు బాగా గుర్తు. పెళ్ళయిన రెండో నెలలో చీరల దుకాణంలో బిల్లు వేసే పిల్ల నంబరు అడిగితే సంతోషి తన నంబరు చెప్పబోయింది. దశరథ ఆపాడు. "ఆడోళ్ళ నంబరు ఊరందరి దగ్గర ఎందుకు? నాది రాపియ్యి. ఏ పరేషాన్ వచ్చినా నేను చూసుకుంట" అన్నాడు. ఆ రోజు ఆ మాట ప్రేమలాగే వినిపించింది. తల్లికి ఫోన్ చేసి మురిసిపోతూ చెప్పింది కూడా. ఆ తర్వాత బడిలో, బ్యాంకులో, కర్మన్‌ఘాట్ గుడిలో అర్చన రసీదు మీద, అన్నిచోట్లా అదే నంబరు. తొమ్మిదేళ్ళలో ఆ పది అంకెలు ఆమె నాలుకకు ఎంతగా అలవాటైపోయాయంటే, ఎవరైనా హఠాత్తుగా ఆమె సొంత నంబరు అడిగితే ఫోన్ తీసి చూసుకోవలసి వస్తుంది.

మనిషి చెడ్డవాడేం కాదు. కొట్టడు, తాగడు. రాత్రి భోజనాల దగ్గర ఆమెకు వచ్చిన మెసేజ్‌లన్నీ పైకి చదివి వినిపిస్తాడు, అంతే. "సంతోషీ, నీ చీరలోడు తగ్గింపు పెట్టిండట. నీ బ్యాంకోడు పుట్టినరోజు శుభాకాంక్షలు అంటున్నడు, నాకంటే ముందే." కంచం ముందు కూర్చున్న అత్తగారు అండాలమ్మ నవ్వుతుంది, ఆరేళ్ళ కూతురు జ్యోతిక నవ్వుతుంది, వడ్డిస్తున్న సంతోషి కూడా నవ్వుతుంది. ఇంట్లో అదొక వినోదం.

ఆ పూట సిలిండర్ లోపలికి దొర్లిస్తుంటే అండాలమ్మ అననే అంది. "పిల్లకు ఆరేండ్లు దాటవట్టె. ఈ మంగళవారంతోని తొమ్మిది వారాలైతయ్ ప్రదక్షిణలు. ఇంకా రెండున్నయ్. హనుమంతుడు దయతల్సకపోతడా."

"సరే అత్తమ్మా" అంది సంతోషి.

ఆమెకు రెండో బిడ్డ పుట్టకపోవడం దేవుడి చేతిలో లేదు. ఏడాదిన్నరగా మూడు నెలలకోసారి ఆమె ఎల్.బి.నగర్‌లోని ఒక ఆడవాళ్ళ దవాఖానకు వెళ్ళి, పిల్లలు కాకుండా సూది వేయించుకుని, అటునుంచి అటే ఆఫీసుకు వెళ్తోంది. ఎందుకని అడిగితే ఆమె దగ్గర పెద్ద కథేమీ లేదు. వద్దు, అంతే. జ్యోతిక పుట్టాక నాలుగేళ్ళు ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్నప్పుడు, అద్దంలో కనిపించే మనిషి ఎవరో తెలియకుండా పోయింది. మళ్ళీ ఆ నాలుగేళ్ళు వద్దు. ఈ మాట ఒకసారి దశరథతో చెప్పింది. "అట్లంటే ఎట్ల? అమ్మ ఏమనుకుంటది?" అన్నాడు. అతనేమనుకుంటాడో అతను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. అత్తగారు పోసిన కషాయాలు తాగుతుంది, గుడి చుట్టూ తిరుగుతుంది. మెల్లగా నడుస్తూ, ఈ సంగతి ఎవరికీ తెలియనీయకు తండ్రీ అని మొక్కుకుంటుంది. అంత దూరం తిరిగి అబద్ధం మొక్కడం ఆమెకు ఇష్టం లేదు.

ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక మూడో అంతస్తులో ఉంటుంది. దవాఖానలకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. సంతోషి పని మాస్కింగ్. కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించాలంటే నిజమైన రోగుల వివరాలు కావాలి, కానీ నిజమైన మనుషులు టెస్టర్ల కంట పడకూడదు. అందుకని దవాఖాన నుంచి వచ్చిన అసలు కాపీని ముందు ఆమె తెరుస్తుంది. పేర్లు మారుస్తుంది, పుట్టినరోజులు అటూ ఇటూ జరుపుతుంది, ఫోన్ నంబర్లలో అంకెలు తారుమారు చేస్తుంది. ఒక మనిషికి ఒకచోట ఏ మారుపేరు పెడితే అన్నిచోట్లా అదే ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. పని అయ్యాక అసలు కాపీ చెరిపేస్తుంది. దాన్ని తెరిచే అనుమతి ఆ ఆఫీసులో ఆమె ఒక్కదానికే ఉంది. చూసినదేదీ ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం కూడా పెట్టింది.

టీమ్ లీడ్ మహేందర్ ఆమెకు ఆ పని ఇస్తూ అన్నాడు, "ఓపిక కావాలె వదినా దీనికి. మగోళ్ళకు ఏడుంటది? బియ్యంల రాళ్ళేరినట్టే." అతనిది నల్గొండ దగ్గర దశరథ వాళ్ళ ఊరే. దశరథను అన్న అంటాడు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ అతనే, ఆ సంగతి దశరథ వారానికోసారైనా గుర్తుచేస్తాడు. ఓపికకు జీతం పెరగదని, పెరిగేది టెస్టర్లకేనని సంతోషికి రెండో ఏడాది తెలిసింది. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్కలు కోసి పంచేది కూడా ఆమే.

తను సూది వేయించుకునే ఎల్.బి.నగర్ దవాఖాన పని తమ కంపెనీకే వచ్చిందని తెలిసినప్పుడు ఆమెకు రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత సర్దుకుంది. ముసుగు వేసేది నా చెయ్యే కదా అనుకుంది. వేలమందిలో తన వరుస ఎక్కడుందో వెతికి చూసుకునే ధైర్యం మాత్రం చేయలేదు. ప్రోగ్రామ్ నడిపితే అందరితోపాటు తనూ మారిపోయేది.

మంగళవారం మహేందర్ వచ్చి, "ఎల్.బి.నగర్ దవాఖానది కొత్త కాపీ వచ్చింది వదినా. రిమైండర్ మెసేజ్‌లు టెస్ట్ చెయ్యాలె. మాపటికల్లా ఇయ్యి. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి లైవ్" అన్నాడు.

సూదికో పరీక్షకో రావలసిన తేదీ దగ్గరపడితే, ఆ మనిషి పేరు పెట్టి, దేనికోసం రావాలో రాసి, ఫైల్లో ఉన్న నంబరుకు మెసేజ్ దానంతటదే వెళ్తుంది. మంచి సౌకర్యమే. సంతోషి ఎప్పటిలాగే ప్రోగ్రామ్ నడిపింది. రిమార్కుల కాలమ్ దగ్గర అది ఆగిపోయింది. దవాఖాన కౌంటర్లో కూర్చునే అమ్మాయిలు తమకు తోచింది రాసుకునే చోటు అది. దాంట్లో ఎవరేం రాస్తారో ప్రోగ్రామ్‌కు అర్థం కాదు కాబట్టి మొత్తం ఖాళీ చేసెయ్యమని పద్ధతి. ఈసారి ఎక్కడో ఏదో పిచ్చి గుర్తు అడ్డుపడింది. దాన్ని వెతకడానికి ఆమె మొదటిసారి ఆ కాలమ్ తెరిచి చదివింది.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టిన తెలుగు. "ఫోన్ చేయొద్దు, మరిది ఎత్తుతడు." "అత్త ఎత్తితే రాంగ్ నంబర్ అనాలె." "రిపోర్ట్ తనే వచ్చి తీస్కుంటది, పంపొద్దు." "సోమవారం చేయొచ్చు, భర్త డ్యూటీ." "నంబర్ నాన్నది, పెండ్లి కాలేదు, అస్సలు చేయొద్దు." లెక్కపెట్టింది. మూడు వందల పదకొండు మంది.

వాళ్ళలో ఒకచోట ఆమె కళ్ళు ఆగాయి. పేరు కంటే ముందు నంబరు గుర్తుపట్టింది. "ఇంట్లో తెలియదు. ఈ నంబరుకు ఫోన్ చేయొద్దు."

ఏడాదిన్నర కిందట ఆ కౌంటర్ దగ్గర కంగారుగా నిలబడ్డప్పుడు, నంబరు అడగ్గానే నాలుక తనంతట తానే దశరథ నంబరు చెప్పేసింది. ఎవరికి తెలియకూడదని వచ్చిందో అతని నంబరే. చెప్పాక గానీ తెలివి రాలేదు. తీసెయ్యమని బతిమాలితే, కౌంటర్లో ఉన్న జోస్నా అనే అమ్మాయి, "నంబర్ లేకుంటే ఫైల్ సేవ్ కాదక్కా. నేను పక్కన రాసిపెడ్త, ఎవ్వరూ చెయ్యరు" అంది. చెయ్యలేదు కూడా. జోస్నా లాంటివాళ్ళు ఒక్కొక్క ఫైలు దగ్గరా చదివి, తల ఊపి, ఫోన్ కింద పెట్టేస్తూ ఇన్నాళ్ళు కాపాడారు. శుక్రవారం నుంచి మెసేజ్ పంపేది మిషను. అది రిమార్కులు చదవదు. చదవమని దానికి ఎవరూ చెప్పలేదు.

తన సూది తేదీ వచ్చే సోమవారం. మూడు రోజుల ముందు మెసేజ్ వెళ్తుంది. శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర దశరథ నవ్వుతూ దాన్ని పైకి చదవడం మొదలుపెడతాడు. ఎక్కడిదాకా నవ్వుతూ చదువుతాడో ఆమె ఊహించుకోలేకపోయింది.

లేచి నీళ్ళు తాగి వచ్చి, మొదట పద్ధతి ప్రకారమే చేసింది. రిమార్కులు ఖాళీ చేసి, ముసుగు వేసిన కాపీ టెస్టర్లకు ఇచ్చి, వెంటనే ఆఫీసు సిస్టమ్‌లో ఒక లోపం రాసిపెట్టింది. ఫోన్ చేయొద్దని రాసి ఉన్నవాళ్ళకు కూడా మెసేజ్ వెళ్తుంది, ఆపాలి అని. బుధవారం పొద్దున చూస్తే మహేందర్ దాన్ని మూసేశాడు. టెస్ట్ డేటాలో రిమార్కులే లేవు, లోపం కనిపించలేదు అని కింద రాశాడు. నిజమే, కనిపించదు. కనిపించకుండా చేసింది ఆమే. తను అంత జాగ్రత్తగా ముసుగు వేయడం వల్లే ఆ ఆడవాళ్ళు అక్కడ లేకుండా పోయారు, పరీక్షలన్నీ పాసయ్యాయి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్ వెళ్ళింది. జోస్నా గుర్తుపట్టి నవ్వింది. సంతోషి కౌంటర్ మీదికి వంగి నంబర్ మార్చమంది.

"మార్చాలంటే పాత నంబర్‌కు ఓటీపీ పోతదక్కా" అంది జోస్నా. సంతోషి ముఖం చూసి గొంతు తగ్గించింది. "పరేషాన్ కాకు. పాత ఫైల్ మూసేసి కొత్తది తెరుస్త. రేపు సాయంత్రం మేనేజర్ మేడమ్ వస్తది, ఆమె ఒప్పుకోవాలె. ఒక్కదానికైతే ఒప్పుకుంటది."

"మిగిలినోళ్ళకు?"

"ఎవలు?"

"నువ్వు పక్కన రాసిపెట్టినోళ్ళు."

జోస్నా కౌంటర్ మీది ఫోన్ వైపు చూసింది. "వాళ్ళకు చెప్పాలంటే ఫోన్ చెయ్యాలె గదక్కా" అంది. "నా దగ్గరున్నది ఆ నంబరే."

తిరుగు మెట్రోలో సంతోషికి ఒళ్ళు తేలికైంది. తను బయటపడింది. రేపు సాయంత్రానికి కొత్త ఫైల్, కొత్త నంబరు, అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, బండి దగ్గర నిలబడి పుల్లటి పానీపూరీ ఆత్రంగా ఆరు తింది. ఏడోది చేతిలో ఉండగా, పక్కన చున్నీ చెవుల దాకా చుట్టుకున్న ఇరవయ్యేళ్ళ పిల్ల వచ్చి నిలబడింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడి, పేరు చూసి, గొంతు మార్చుకుని "ఆ నాన్నా, క్లాసులనే ఉన్న" అంది. సంతోషికి తన సంతోషం మీద తనకే అసహ్యం వేసింది. నంబర్ నాన్నది, పెండ్లి కాలేదు. ఆ పిల్ల ఈ పిల్ల కాకపోవచ్చు. ఎవరో ఒక పిల్ల అయితే ఉంది, శుక్రవారం తొమ్మిదింటి నుంచి ఏమవుతుందో తెలియకుండా ఎక్కడో క్లాసులో కూర్చుని ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర దశరథ బడి నుంచి వచ్చిన మెసేజ్ చదివాడు. "తల్లిదండ్రుల మీటింగట. నువ్వు పో సంతోషీ, నాకు లోడుంది." ఆమె కంచంలో అన్నం కలుపుతూ అతని ముఖమే చూసింది. బాగానే ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా తన గురించిన ప్రతి కబురూ ముందు ఈ ముఖం చూసి, తర్వాతే తనను చేరింది. ఈ మనిషంటే తనకు కోపం లేదని, ఉన్నది భయమని, దాన్నే ఇన్నాళ్ళు మర్యాద అనుకుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఏంది, అట్ల చూస్తున్నవ్?" అన్నాడు.

"ఏం లే. పెరుగెయ్యనా?"

గురువారం ఆఫీసుకు వెళ్ళగానే మహేందర్ బల్ల దగ్గర నిలబడింది. కూర్చోమని అతను అనలేదు, ఆమె కూర్చుంది.

"ఆ లోపం నిజంగ ఉన్నది మహేందర్. మూడు వందల పదకొండు మంది. ఇండ్లల్ల గొడవలైతయ్."

"టెస్టింగ్ మొత్తం పాసయ్యింది వదినా. ఇప్పుడు ఆపాలంటే దవాఖాన క్లయింట్ ఊకుంటడా? నువ్వు చెప్పినవని నిన్న మాటవరసకు అడిగిన. ఒక్క ఫైల్ నంబర్ ఇయ్యమన్నడు. ఆ పేషెంట్‌కు ఫోన్ చేసి నిజమేనా కాదా కనుక్కుంటడట."

సంతోషి అతని వైపు చూసింది. అతను వేళాకోళం ఆడడం లేదు. ఫోన్ చేయొద్దన్న మనిషికి ఫోన్ చేసి, చేయొద్దన్నది నువ్వేనా అని అడుగుతారు. అది అతనికి మామూలు పద్ధతిలాగే ఉంది.

"నేనెవ్వరి పేరూ బయటపెట్టొద్దు. సంతకం పెట్టిన."

"అదే అంటున్న నేను కూడా. పేరియ్యలేవు, సాక్ష్యం లేదు. వదిలెయ్యి. అన్ని నువ్వే నెత్తినేసుకుంటే ఎట్ల? జర చాయ్ చెప్పు, అందరికి."

ఆమె చాయ్ చెప్పింది. చెప్పి, తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. ఎటు తిరిగినా గోడే. మారుపేరు ఇస్తే అలాంటి మనిషి దవాఖానలో ఉండదు. అసలు పేరు ఇస్తే ఒక ఇల్లు తగలబడుతుంది. ఊరుకుంటే రేపటి నుంచి ఒకటొకటిగా మూడు వందల పది ఇళ్ళలో ఫోన్లు మోగుతాయి, ఆమె ఇంట్లో మాత్రం మోగదు. ఆ మూడు వందల పది మందిలో ఎవరి పేరు చెప్పే హక్కూ ఆమెకు లేదు.

ఒక్క పేరు ఉంది.

ఆ ఆలోచన రాగానే కాదనుకుని, టెస్టర్లు అడిగిన ఇంకో ఫైలు తెరిచి గంటసేపు పని చేసింది. చాయ్ కప్పులు ఏరి సింకులో పెట్టింది. మూడింటికి జోస్నాకు ఫోన్ చేసింది.

"అక్కా, మేడమ్ అయిదింటికి వస్తది. నీ ఫైల్ తీసి పక్కన పెట్టిన" అంది జోస్నా.

"మూయొద్దు. అట్లనే ఉండనీ."

"ఎందుకక్కా? రేపే గద మెసేజ్‌లు."

"అందుకే. మూసేస్తే నేను చూపియ్యనీకి ఏం ఉండదు" అంది సంతోషి. జోస్నా ఇంకేదో అడుగుతుంటే ఫోన్ పెట్టేసింది.

మూసేసిన లోపాన్ని తిరిగి తెరిచింది. ఉదాహరణ అని ఉన్నచోట ఎప్పుడూ మారుపేరు రాసే వేళ్ళు కాసేపు కదల్లేదు. తర్వాత కొట్టడం మొదలుపెట్టింది. పేరు: సంతోషి. వయసు: ముప్పై ఒకటి. ఫైల్ నంబరు. ఫోన్: దశరథ పది అంకెలు. రావలసిన కారణం: గర్భనిరోధక సూది. రిమార్కులు: ఇంట్లో తెలియదు, ఈ నంబరుకు ఫోన్ చేయొద్దు. కింద ఇంకో వాక్యం రాసింది. ఈ పేషెంట్‌కు ఫోన్ చేయనవసరం లేదు, ఏం కనుక్కోవాలన్నా మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చి అడగవచ్చు.

పంపించింది.

మహేందర్ కంప్యూటర్ టింగుమంది. అతను చాయ్ తాగుతూ చదవడం మొదలుపెట్టాడు. కప్పు కింద పెట్టాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"వదినా, గిది దశరథన్న నంబర్."

"అవును."

"తీసెయ్యి వదినా. నేను చూడలేదనుకుంట. క్లయింట్ చూస్తడు, ఆఫీసంత చూస్తది. రేపు అన్న నన్నడుగుతడు, నాకు చెప్పకపోతివేందిరా అని. నేనేం చెప్పాలె?"

అతని ముఖంలో నిజంగానే కంగారు ఉంది. మూడు వందల పది మంది కోసం రాని కంగారు.

"మెసేజ్‌లు ఆపుతరా లేదా, అది చెప్పు."

"ఆపాలె ఇగ. గింత రాసినంక ఆపకపోతే ఎట్ల? ఆపుతరు." అతను నుదురు రుద్దుకున్నాడు. "కానీ అన్న..."

"మీ అన్నకు నువ్వేం చెప్పొద్దు" అంది సంతోషి, బ్యాగు సర్దుకుంటూ. "ఈ కబురు ఆయనకు ఫోన్‌ల రాదు. ఇంటికి పోయి నేను చెప్త. నా గురించి నా నోటితోని వినుడు ఆయనకు ఇదే మొదటిసారి."